పాత గోడకు కొత్త వాకిలి

కృష్ణగిరి జిల్లా సామల్పట్టిలో రైలు దిగి ఊత్తంగరై దారి పట్టినప్పుడల్లా నా చూపు ఒకేచోట చిక్కుకుంటుంది. రోడ్డువారగా మిగిలిన పాత పెంకుటిళ్లలో కొన్ని ఇప్పుడు అంగళ్లయ్యాయి. వెనక నాటు పెంకుల కప్పు, సున్నం కొట్టిన మట్టిగోడ, పొగచూరిన దూలం. ముందు కాంక్రీటు స్లాబు, ఇనప షట్టరు, షట్టరు పైన రంగురంగుల బోర్డు. ఆ పాతకూ ఈ కొత్తకూ నడుమ, పైనుంచి కిందిదాకా, ఒక పగులు. వానలకు ముందు ఎవరో దాని మీద సిమెంటు పూస్తారు. వానలు వెళ్లేసరికి అది మళ్లీ నోరు తెరిచి ఉంటుంది. ఏ ఊళ్లోనైనా కనిపించేదే కదా, దీని గురించి ఇంతగా ఆలోచించడమెందుకని నన్ను నేనే అడుగుతుంటాను. కానీ ఆ గీత దగ్గర రెండు కాలాలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. అవి కలిసి ఉండలేకపోతున్నాయని ఆ పగులు ఏటేటా చెబుతూనే ఉంది. దాన్ని పూడ్చడమే మన పనా, లేక అది అడుగుతున్నది మరొకటేదైనా ఉందా?

మా అవ్వ ఇంటికీ ఇలాంటి పగులు ఉండేది. బండరాళ్లు పేర్చి మట్టితో పొదిగిన గోడలు, పైన గార. ముందు తిన్నె. చిన్నాయన పెళ్లికి ఆ తిన్నె పక్కన సిమెంటు గది ఒకటి లేపారు. అది పాతగోడను ఆనుకునే లేచింది. రెండో వానకాలానికి ఆ మూల నీళ్లు దిగాయి. పిలిపించిన మేస్త్రి గోడను తట్టి చూసి అన్న మాటలు నాకిప్పటికీ గుర్తు. "పాతది కుంగాల్సినంత ఎప్పుడో కుంగి నిలబడిపోయిందప్పా. కొత్తది ఇప్పుడు కుంగుతా ఉంది. రెంటినీ కట్టేస్తే ఎట్ల నిలిచేది? నడమ సందు వదిలిపెట్టాల, పైన రేకు కప్పాల." పునాదుల లెక్క అది. దానికి తోడు సున్నానికీ సిమెంటుకూ స్వభావాలు వేరు. గానుగలో నూరి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి చేసిన సున్నపు గార మెత్తనిది. గోడలోకి చేరిన తడిని మెల్లగా బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ తడికి దారి మూసుకుపోతుంది. లోపలి ఉప్పు పొంగి గోడ పొరలు పొరలుగా రాలుతుంది. గట్టిపరచాలని చేసిన పనే గోడను లోలోపల తినేస్తుంది. మంచి మనసుతో చేసిన మరమ్మతు కూడా పాతదాని తీరు తెలియకపోతే గాయమే అవుతుందని మొదటిసారి ఆ మూల నిలబడి అర్థం చేసుకున్నాను.

అయినా ఆ అంగళ్లవాళ్లను తప్పుపట్టలేను. ఆలోచించిన కొద్దీ ఒక సంగతి తేలుతోంది. ఆ వీధిలో పడిపోయిన ఇళ్లు ఏవి? పని లేకుండా పోయినవి. పిల్లలు బెంగళూరుకో హోసూరుకో వెళ్లి, పండక్కి కూడా తలుపు తీసేవాళ్లు లేక, మొదట పెంకులు జారి, తర్వాత వాసాలు విరిగి, చివరికి గోడలు కరిగిపోయినవి. నిలిచిన ఇళ్లకు అద్దె వస్తోంది. ఆ అద్దెతోనే వెనక పెంకులు మారుస్తున్నారు. అంటే ఆ షట్టరే ఆ ఇంటిని బతికిస్తోంది. మరి నాకెందుకు వెలితిగా ఉంది? పెంకు పోయినందుకు కాదనుకుంటాను. పోయింది తిన్నె. ఎండన పడి వచ్చిన దారిన పోయే మనిషి అడగకుండా కూర్చోగలిగిన చోటు అది. ఇంటికీ వీధికీ నడుమ ఉండి, రెంటికీ చెందినది. కొత్త కట్టడం సరిగ్గా దాని మీదే లేచింది. రాత్రి షట్టరు దించితే ఆ ఇల్లు వీధికి వీపు తిప్పుతుంది. పాత ఇల్లు మిగిలింది, కానీ దాని వాకిలి మాయమైంది.

ఈమధ్య సామల్పట్టి స్టేషను కూడా ఈ ఆలోచనలోకి వచ్చి చేరింది. 1862 నాటికి మద్రాసు నుంచి పడమటి తీరాన బేపూరు దాకా పట్టాలు పరిచిన మద్రాసు రైల్వే దారి ఇది. జోలార్‌పేటకూ సేలానికీ నడుమ, కొండల మధ్య చిన్న ఆగుచోటు. అమృత్ భారత్ పథకంలో ఈ స్టేషనును కొత్తగా తీర్చిదిద్దారు. దేశమంతటా 2025 మే 22న ప్రారంభించిన 103 స్టేషన్లలో ఇదీ ఒకటి. తిరువణ్ణామలై, చిదంబరం, శ్రీరంగం స్టేషన్లూ ఆ జాబితాలో ఉన్నాయి. కూర్చునే చోట్లు, మరుగుదొడ్లు, నడవలేనివాళ్లకు వసతులు, ముఖద్వారానికి మెరుగులు ఆ పథకం లక్ష్యాలు. మా ఊరి పేరు అంత పెద్ద పేర్ల పక్కన చూసి సంతోషించాను. మనసారా సంతోషించాను. ముసలివాళ్లు, గర్భిణులు గంటలకొద్దీ నిలబడే చోట ఒక నీడ, ఒక నీళ్ల కొళాయి ఎంత విలువైనవో రైలు కోసం ఎదురుచూసినవాళ్లకు తెలుసు. అయితే నూటయాభై ఏళ్లు దాటిన రైలుదారి మీద ఎక్కడ కొత్త ముఖం చూసినా నాలో ఒక ప్రశ్న లేస్తుంది. ఈ ముఖం మనల్ని దాని వెనకున్న కాలంలోకి తీసుకెళ్తుందా, లేక ఆ కాలం లేనేలేదని చెబుతుందా?

దీనికి సమాధానం వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. మా వైపు నుంచి పౌర్ణమికి బస్సులు కిక్కిరిసి చెంగం మీదుగా తిరువణ్ణామలై పోతాయి. అక్కడి గుడిని కొత్త చేర్పుల చరిత్రగా చూడటం నాకు ఆలస్యంగా అలవాటైంది. లోపలి గుడి చోళుల నాటిది. హొయసల వీరబల్లాళుడి పేరున ఒక గోపురం ఉంది. 1516 ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయలు వేయికాళ్ల మండపం, కోనేరు కట్టించి, తూర్పున రాజగోపురానికి పూనుకున్నాడు. తంజావూరు నాయకరాజు సేవప్ప దాన్ని పూర్తి చేయించాడు. పదకొండు అంతస్తులు, 66 మీటర్లు. రాయల కాలానికి లోపలి గుడి వందల ఏళ్ల పాతది. ఇవాళ మనం చారిత్రక కట్టడం అని పిలిచేవాటిలో చాలావాటికంటే అప్పటికది పెద్ద వయసుది. అయినా రాయల శిల్పులు చోళుల పనిని అనుకరించలేదు. తమ కాలపు స్తంభాలు, తమ కాలపు ఎత్తు, తమ కాలపు ధైర్యం తెచ్చారు. అంటే అది ఆనాటి నవీన వాస్తువే కదా! దాన్ని చూసి పాతదానికి అపచారం జరిగిందని మనలో ఎవరూ అనుకోరు. ఎందుకని?

రాయలంతటివాడు కట్టించాడని గౌరవమా? అది సరిపోదు. గోపురం ఎంత ఎత్తయినదంటే వీధిలో నిలబడితే లోపలి విమానం కనబడదు. ఆ లెక్కన అది పాతదాన్ని కప్పేసిందనే అనాలి. కానీ గోపురం నడిమధ్యలో ఏముంది? ఒక వాకిలి. అంత ఎత్తు, అన్ని బొమ్మలు, అన్ని రాళ్లు, అన్నీ ఆ వాకిలి కోసమే ఉన్నాయి. దాంట్లోంచి నడిస్తే మరో గోపురం, మరో ప్రాకారం, ఒక్కో అడుగుకూ కాలం వెనక్కి పోతూ, కప్పు కిందికి దిగుతూ, వెలుగు తగ్గుతూ చివరికి అన్నిటికంటే పాతదీ అన్నిటికంటే చిన్నదీ అయిన గది దగ్గరికి చేరుకుంటాం. కొత్తది ఎంత పెద్దదైనా పాతదానికి దారి అయింది. కట్టుబడిలో కూడా ఆ మర్యాద ఉంది. గోపురం లోపలి గుడి మీద బరువు మోపదు. తన రాతి పీఠం మీద తాను నిలబడి, పై అంతస్తులను ఇటుకా సున్నాలతో తేలిక చేసుకుని, ప్రాకారపు గోడతో మాత్రమే చెయ్యి కలుపుతుంది. మా మేస్త్రి చెప్పిన సందు అక్కడ ఒక ముంగిలి అంత విశాలమై కనిపించింది నాకు.

ఈ చూపుతో చదివితే 1964 నాటి వెనిస్ ఒప్పందపత్రం కొత్తగా అర్థమైంది. పాత కట్టడానికి తప్పనిసరై ఏదైనా చేర్చాల్సి వస్తే ఆ చేర్పు పాతదాని నుంచి వేరుగా తెలియాలి, తన కాలపు ముద్ర మోయాలి అని అది చెబుతుంది. చూసేవాళ్లను మోసం చేయకూడదన్నది దాని పట్టుదల. ఇటలీలోని వెరోనాలో కార్లో స్కార్పా అనే వాస్తుశిల్పి కాస్టెల్‌వెక్కియో అనే మధ్యయుగపు కోటలో మ్యూజియాన్ని 1950ల చివరి నుంచి తీర్చిదిద్దాడు. కొత్తగా పరిచిన నేలను అతను పాతగోడ దాకా తీసుకుపోడు. అంచున సన్నని ఖాళీ వదులుతాడు. కొత్తది ఎక్కడ ఆగిందో, పాతది ఎక్కడ మొదలైందో ఆ ఖాళీయే చూపిస్తుంది. ఆ నేల ఫోటోలు చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. మనం ఏటా సిమెంటుతో పూడ్చే గీతను అక్కడ కావాలని, ప్రేమగా, జాగ్రత్తగా కట్టారు.

కానీ వేరుగా తెలిస్తే చాలా? షట్టరు కూడా పెంకుటింటి నుంచి వేరుగానే తెలుస్తోంది కదా! నిజాయితీ అవసరమే, దానితోనే పని పూర్తికాదు. మన దగ్గర పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ 2004లో తెచ్చిన ఒప్పందపత్రం మరో వైపు నుంచి మాట్లాడుతుంది. మన దేశంలో ఎన్నో కట్టడాలు ఇంకా పూజలో, కాపురంలో, బేరంలో బతికే ఉన్నాయి. వాటిని కట్టే చేతులు కూడా కొన్నిచోట్ల బతికే ఉన్నాయి. అలాంటప్పుడు సంప్రదాయ జీర్ణోద్ధారణ పద్ధతికీ, ఆ శిల్పులు తమ తీరులోనే పని కొనసాగించడానికీ చోటుండాలని అది అంటుంది. ఈ రెండు పత్రాల్లో ఏది సరైనదో తేల్చుకోలేక చాన్నాళ్లు కొట్టుమిట్టాడాను. ఇప్పుడు నాకనిపిస్తున్నది ఇంతే. కొత్తది కొత్తలా కనబడాలా, పాతలా కనబడాలా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న అది దారా, తెరా అన్నది.

పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముంగిట 1989లో తెరిచిన ఐ. ఎం. పేయ్ గాజు పిరమిడ్ మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. రాజుల కోట నడుమ గాజు ఏమిటని మండిపడ్డారు. అది చేసే పని చూస్తే మాత్రం రాజగోపురం చేసిన పనే. ఆ గాజు కింద మెట్లు దిగితే ఒక పెద్ద హాలు, అక్కణ్నుంచి పాత కోట మూడు భాగాల్లోకీ దారులు. టికెట్టు గదులు, జనం రద్దీ, సామాన్లు భద్రపరిచే చోటు లాంటి బరువంతా అది నేల కింద మోస్తుంటే పాత గదులు బొమ్మలు చూపించే పనిలో ఉన్నాయి. అయితే గుడి తన పని మార్చుకోలేదు, కోట మార్చుకుంది. పని మారినప్పుడు పాత వాకిళ్లు చాలవు, పాత మెట్లు చాలవు. కొత్తదాని అవసరం అక్కడే పుడుతుంది. ప్రమాదమూ అక్కడే పుడుతుంది.

మన ఊళ్లలో దీని గురించి బాగా ఆలోచింపజేసేది బెజవాడ విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1887లో అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ స్యూయెల్ దానికి శంకుస్థాపన చేశాడు. అమరావతి స్తూపాన్ని తవ్వించినవాళ్లలో ఒకడు, విజయనగర చరిత్ర రాసినవాడు అతనే. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీ చేతికి ఇచ్చింది ఇక్కడే అంటారు. 1962 నుంచి అది పురావస్తుశాల. శిల్పాలు పెరిగాయి, చూసేవాళ్లు పెరిగారు, పాత మందిరం చాల్లేదు. ఆవరణలోనే కొత్త కట్టడం వేసి, 2020 అక్టోబరు 1న బాపు మ్యూజియం పేరుతో మళ్లీ తెరిచారు. చల్లని గాలి యంత్రాలు, దీపాలు, తెరలు కావాల్సిన ప్రదర్శనలకు కొత్త భవనం ఉంటే పాత మందిరాన్ని పగలగొట్టాల్సిన పని తప్పుతుంది. చేర్పు చేయగల అతి పెద్ద మేలు ఇదేనేమో అనిపిస్తుంది. పాతది మోయలేని బరువు తాను ఎత్తుకోవడం. ఇంటికొచ్చిన పెద్ద కోడలు అత్తను లేపకుండానే నీళ్లు తోడిపెట్టినట్టు.

హైదరాబాదులో కోఠి రెసిడెన్సీ మరో పాఠం చెబుతుంది. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కాలంలో, అతని దర్పం కోసం లేచిన ఆ స్తంభాల భవనం 1949లో ఆడపిల్లల కళాశాలకు వచ్చింది. అధికారం మెట్లెక్కిన చోట పుస్తకాలు పట్టుకున్న అమ్మాయిలు మెట్లెక్కారు. దానికంటే గొప్ప మార్పు ఏ కట్టడానికైనా ఏముంటుంది? ఏళ్ల తరబడి సాగిన మరమ్మతుల తర్వాత 2023లో దాన్ని మళ్లీ చూపరులకు తెరిచారు. అక్కడ కొత్త గోడల కన్నా కొత్త మనుషులే పెద్ద చేర్పు. ఇంకోవైపు హోసూరు దగ్గర తొరపల్లిలో 1878లో రాజాజీ పుట్టిన ఇల్లు స్మారకంగా ఉంది. ఆ చిన్న ఇంటికి గాజు గది, ఎత్తైన ముఖద్వారం తగిలిస్తే అంతకంటే అన్యాయం ఉండదు. ఇంత చిన్న ఇంటి నుంచి ఒక మనిషి ఎంత దూరం నడిచాడో చెప్పడమే దాని పని. ఆ పనికి ఆ కొలత చాలు. చేర్చడం తెలిసినవాడికి ఎక్కడ చేర్చకూడదో కూడా తెలియాలి.

ఇంకో సంగతి నన్ను వదలడం లేదు. కృష్ణగిరి జిల్లా రాతికి పేరు మోసింది. ఇక్కడి గ్రానైట్ ఓడలెక్కి పోతుంది. సామల్పట్టి చుట్టూ ఉన్న అరుదైన కార్బొనటైట్ శిలల గురించి భూగర్భ శాస్త్రవేత్తలు వ్యాసాలు రాస్తారు. మా పొలాల గట్లకు రాతి కూసాలు, ఇళ్లకు రాతి బండలు. ఇంత రాయి కాళ్ల కింద పెట్టుకుని పాత భవనాల ముందు మనం ఇవాళ ఎక్కువగా తగిలిస్తున్నది ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీట్లు. అవి తళతళలాడతాయి, తొందరగా బిగుస్తాయి, ఖర్చు తక్కువ. ఒక మూల ఊడితే మాత్రం ఊళ్లో ఎవరూ బాగుచేయలేరు. అదే రంగు మళ్లీ దొరకదు. కొత్తది నవీనంగా ఉండటం అంటే ఎక్కడినుంచో వచ్చిన సరుకు తగిలించడమని ఎప్పుడు అనుకున్నాం? ఇక్కడి రాయిని ఇవాళ్టి మరతో, ఇవాళ్టి ఆలోచనతో కోసి, రాజగోపురమంత ధైర్యంగా నిలబెడితే అదీ నవీనమే. అలా కట్టినదాన్ని ముప్ఫై ఏళ్ల తర్వాత ఈ ఊరి మేస్త్రి మనవడు విప్పి మళ్లీ పేర్చగలడు. బాగుచేయగలిగే చేతులు దగ్గర్లో లేని చేర్పు పాత కట్టడానికి అప్పే మిగులుస్తుంది.

ఇప్పుడీ ఆలోచనలన్నిటికీ పరీక్ష పెట్టే కట్టడం ఒకటి హైదరాబాదులో మూసీ ఒడ్డున ఎదురుచూస్తోంది. విన్సెంట్ ఎష్ రూపకల్పనలో 1925లో పూర్తయిన ఉస్మానియా ఆసుపత్రి. 2020 జులైలో వాన నీళ్లు వార్డుల్లోకి వచ్చాయి. రోగులను తరలించి ఆ పాత భవనాన్ని మూసేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో రెండువేల పడకల కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. రోగులకు కావాల్సింది మంచి ఆసుపత్రే, అందులో నాకు అనుమానం లేదు. నా ఆందోళన ఆ పాత గుమ్మటాల గురించి. పని పోయిన ఇల్లు ఎలా కరిగిపోతుందో మా వీధిలో చూశాను. రంగులు వేసి, దీపాలు పెట్టి, గేటు మూసి ఉంచితే ఆ భవనానికీ అదే గతి. దానికి పని ఇవ్వాలి. నర్సుల శిక్షణో, వైద్య చరిత్ర చెప్పే చోటో, పేదవాడికి ఉచితంగా సలహా చెప్పే క్లినిక్కో ఏదైనా కావచ్చు. లిఫ్టులు, నీళ్ల గొట్టాలు, కరెంటు తీగలు మోయడానికి దాని పక్కన, సందు వదిలి, సిగ్గుపడకుండా ఈ కాలపు కట్టడం ఒకటి లేపాలి. లోపలి గోడలకు మళ్లీ గానుగ సున్నమే పూయాలి. ఆ పని తెలిసిన చేతులకు దానికి తగ్గ కూలి ఇవ్వాలి. అన్నిటికంటే ముందు, దాదాపు నూరేళ్లు నొప్పితో వచ్చిన మనుషులు ఎక్కిన ఆ మెట్లనే మనం మళ్లీ ఎక్కేలా చూడాలి. వందల కోట్ల లెక్కలు, వాస్తుశిల్పుల పోటీలు, ప్రారంభోత్సవాలు ఆ తర్వాత. కొత్తది ఎంత గొప్పగా లేచిందని కాదు, అది లేచాక పాత వాకిలి గుండా రోజూ ఎంతమంది మామూలు మనుషులు లోపలికి వెళ్తున్నారన్నదాన్ని బట్టే నేను దాన్ని మెచ్చుకుంటాను. సామల్పట్టి వీధిలోని అంగడికైనా, మూసీ ఒడ్డున ఆసుపత్రికైనా నా కొలమానం అదొక్కటే.